గొంతు తీసేసినా మాట్లాడవచ్చు!

విద్యార్థులారా! ముందు చిన్న ప్రయోగం చేద్దాం. గొంతు ముందు గట్టిగా తగిలే బుడిపె మీద రెండు వేళ్లు ఆనించి "ఆ..." అనండి. వేళ్లకు అదురు తెలుస్తుంది. ఇప్పుడు "స్‌స్‌స్..." అని బుసకొట్టండి. అదురు లేదు కదూ? ఆ బుడిపె స్వరపేటికలోని భాగం.

హార్మోనియం చూసే ఉంటారు. తిత్తి నుంచి వచ్చే గాలికి రీడ్లు కంపించి స్వరం పుడుతుంది. మనలోనూ అంతే. ఊపిరితిత్తుల గాలికి స్వరతంత్రులు పురుషులలో సెకనుకు సుమారు 120 సార్లు, స్త్రీలలో సుమారు 200 సార్లు అదురుతాయి. దీనివల్ల నాదం మాత్రమే పుడుతుంది. దాన్ని మాటగా మలిచేవి నాలుక, పెదవులు, పళ్లు, అంగిలి.

స్వరపేటికకు క్యాన్సరు వస్తే తొలిదశలో రేడియేషన్‌తోనో, చిన్న శస్త్రచికిత్సతోనో గొంతును కాపాడవచ్చు. ముదిరితే స్వరపేటికను పూర్తిగా తీసివేయవలసి రావచ్చు. క్యాన్సరుకు ఈ శస్త్రచికిత్సను మొదటిసారి 1873లో వియన్నాలో బిల్‌రోత్ చేశాడు.

స్వరపేటిక తీశాక శ్వాసనాళం పైకొసను మెడ ముందు చేసిన రంధ్రానికి కలుపుతారు. ఇక ఊపిరి పీల్చడం, వదలడం ఆ రంధ్రం గుండానే. ముక్కులోకి గాలి పోదు గనుక వాసనలు సరిగా తెలియవు. చెరువులో దిగితే ప్రమాదం. ముక్కులాగా గాలిని వెచ్చబరచి దుమ్మును ఆపడానికి రంధ్రం మీద పల్చని గుడ్డయినా, ప్రత్యేకమైన వడపోత అయినా ఉండాలి.

మరి మాట సంగతి? నాలుకా, పెదవులూ ఉన్నాయి, కావలసింది నాదమే. అందుకు మూడు మార్గాలున్నాయి.

ఒకటి: నోటిలోని గాలిని అన్నవాహికలోకి పంపి, తేనుపులాగా పైకి వదలడం. అన్నవాహిక పైభాగం అదిరి నాదమిస్తుంది. పరికరం అక్కరలేదు గాని నేర్చుకోవడానికి నెలలు పడుతుంది.

రెండు: ఎలక్ట్రోలారింక్స్. బ్యాటరీతో అదిరే ఈ పరికరాన్ని మెడకు ఆనించి మాట్లాడతారు. గొంతు యంత్రంలా ఒకే శ్రుతిలో వినిపిస్తుంది.

మూడు: శ్వాసనాళానికీ, అన్నవాహికకూ మధ్య అమర్చే చిన్న కవాటం. సైకిలు ట్యూబు వాల్వులాగా ఇది ఒకవైపే తెరుచుకుంటుంది. మెడ రంధ్రాన్ని వేలితో మూసి ఊపిరి వదిలితే గాలి అన్నవాహికలోకి వెళ్లి నాదం పుట్టిస్తుంది. తిన్నది మాత్రం శ్వాసనాళంలోకి రాదు. అమెరికాలో సింగర్, బ్లామ్ ఈ పద్ధతిని 1980లో ప్రకటించారు. విదేశీ కవాటాలు వేల రూపాయలు ఖరీదు చేస్తుంటే, బెంగుళూరు వైద్యుడు విశాల్ రావు సుమారు 50 రూపాయలకే 'ఓం' అనే కవాటాన్ని రూపొందించాడు.

తెలుగు వ్యాకరణంలో క, చ, ట, త, ప పరుషాలనీ, గ, జ, డ, ద, బ సరళాలనీ చదివారు కదా! సరళాలకు స్వరతంత్రులు ముందే అదురుతాయి. పరుషాలకు ఆ అదురు క్షణకాలం ఆగుతుంది. ఎలక్ట్రోలారింక్స్ అలా ఆగదు. కాబట్టి మీ వీధిలోని తాతగారు దానితో "పాలు" అంటే మీకు "బాలు" అని వినిపించవచ్చు. నవ్వకండి. ఆయన పెదవులు చూడండి, సందర్భం గ్రహించండి, మాట పూర్తయ్యేదాకా ఆగండి. ఎదుటివారు విసుక్కుంటారేమోననే భయంతోనే ఇలాంటివారు కొందరు మాట మానేసి ఇంట్లోనే ఉండిపోతారు. మాట తిరిగి రావడంలో సగం పని వైద్యానిది. మిగతా సగం వినే మనది.

ఒక హెచ్చరిక. ఈ వ్యాధికి ముఖ్యకారణం పొగాకు. మద్యం తోడైతే ముప్పు ఇంకా ఎక్కువ. గొంతు బొంగురు మూడు వారాలైనా తగ్గకపోతే వైద్యునికి చూపించాలని ఇంట్లో పెద్దలకు చెప్పండి.