లెక్క చూసినంకనే వైరు కలుపు

లాల్‌దర్వాజ, పాతబస్తీ

తమ్మీ,

ఐటీఐల ఎలక్ట్రీషియన్ ట్రేడుల చేరినవని పిన్ని ఫోన్‌ల చెప్పింది. చాన సంతోషమైంది. ఓం సూత్రం బట్టీ పట్టినగానీ, పనిల అది ఎక్కడ అక్కరకొస్తదో తెలుస్తలేదని అంటున్నవట. అందుకే తీరుబాటుగ రాస్తున్న.

సూత్రం చిన్నదే. వోల్టేజిని ఆంపియర్లతోటి భాగిస్తే రెసిస్టెన్సు, రెంటినీ గుణిస్తే వాట్లు. ఇంట్లున్న గీజర్ చూడు. 230 వోల్టులు, 2000 వాట్లు అని దాని మీదనే రాసి ఉంటది. 2000ను 230తోటి భాగించు, 8.7 ఆంపియర్లు. మళ్ల 230ని ఆ 8.7తోటి భాగించు, 26 ఓంల పైన కొంచెం. ఇప్పుడు ప్లగ్గు పీకి, ఎలిమెంటు రెండు కొసలకు మల్టీమీటర్ పెట్టు. దగ్గర దగ్గర అదే అంకె వస్తే ఎలిమెంటు బాగున్నట్టు. ఓంలు చూసేటప్పుడు సప్లయి పూర్తిగ తీసే ఉండాలె, ఇది మాత్రం ఎన్నడూ మరువకు.

అన్నిటికీ ఇట్లనే కలుస్తదని అనుకోకు. పాత 100 వాట్ల బల్బుకు లెక్క ప్రకారం 529 ఓంలు రావాలె. చల్లగున్న బల్బుకు మీటరు పెడితే అందుల పదో వంతు కూడా చూపది. మీటరు ఖరాబు కాలేదు. ఫిలమెంటు తెల్లగ కాలినప్పుడే దాని రెసిస్టెన్సు అంత పెరుగుతది. ఇగ మోటార్లు, ఏసీలకు ఈ భాగారం పనికిరాదు. వాటికి క్లాంప్ మీటరు పెట్టి ఆంపియర్లు చూసుడే.

ఇప్పుడు అసలు మాట. ఓం తన సూత్రం 1827ల అచ్చేసిండు. 1841ల జూల్ ఇంకో మాట చెప్పిండు: వైరుల పుట్టే వేడి ఆంపియర్ల వర్గాన్ని బట్టి పెరుగుతది. పాతబస్తీల పని చేసేటోనికి ఈ రెండో మాట ప్రాణమసువంటిది. ఇక్కడి ఇండ్లు నువ్వు చూసినవ్ గద. కింద దుకాణం, మీద సంసారం, నడుమ ఒక్కటే ఇరుకు మెట్లు. రెండు ఫ్యాన్లు, నాలుగు బల్బుల కోసం ఎన్నడో వేసిన వైరు గోడల అట్లనే ఉన్నది. దాని మీదికే ఫ్రిజ్ వచ్చింది, గీజర్ వచ్చింది, ఏసీ వచ్చింది.

లెక్క వేద్దాం. 1.5 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు, బోర్డు నుంచి గదికి 20 మీటర్లు. పోను రాను 40 మీటర్లు. రెసిస్టెన్సు సుమారు 0.46 ఓంలు. 10 ఆంపియర్లు నడిస్తే వైరు మొత్తంల పుట్టే వేడి 46 వాట్లు. గీజర్‌తోటి ఏసీ, ఇస్త్రీ పెట్టె కలిసి 20 ఆంపియర్లయితే 92 కాదు తమ్మీ, 184 వాట్లు. లోడు రెండింతలు, వేడి నాలుగింతలు. అదంత గోడ లోపలి పైపుల, గాలి ఆడని తావుల.

దీనికన్న నాకు భయం జాయింటంటే. వైరు మెలిపెట్టి టేపు చుట్టిన జాయింటు వదులైతే అక్కడ అర ఓం రెసిస్టెన్సు వచ్చిందనుకో. ఇప్పుడు గీజర్‌కు 8.7కు బదులు 8.5 ఆంపియర్లే పోతయ్. నీళ్లు జర ఆలస్యంగ కాగుతయ్, ఎవ్వరికీ అనుమానం రాదు. కానీ 8.5ను 8.5తోటి గుణించి అర ఓంతోటి గుణించు, 36 వాట్లు. మన సోల్డరింగ్ ఐరన్ 25 వాట్లే, దానికే సీసం కరుగుతది. టేపు కింద గోరంత జాగల 36 వాట్లు గంటల తరబడి ఉంటే ఏమైతది? లోడు ఎక్కువైతే పడే ఎంసీబీ స్విచ్చు గూడ పడది. ఎందుకు పడాలె? ఆంపియర్లు తగ్గినయ్ గానీ పెరగలే. వేడెక్కిన కొద్దీ రాగికి మసి పట్టి, జాయింటు రెసిస్టెన్సు ఇంకా పెరుగుతది.

2025 మే 18 పొద్దుగాల గుల్జార్ హౌజ్ దగ్గర ఇల్లు అంటుకొని 17 మంది పోయిన్రు. అందుల ఎనిమిది మంది పిల్లలు. షార్ట్ సర్క్యూట్ అయి ఉంటదని అధికారులు మొదట్ల చెప్పిన్రు. చార్మినార్ నుంచి నడిచిపోయేటంత దూరం. ఆ దిక్కు పోయినప్పుడల్లా నా కండ్లు గోడల మీది వైర్ల మీదికే పోతయ్. నువ్వు నేర్చుకునే భాగారం, గుణకారం ఎవరి కోసమో ఇప్పుడు నీకు చెప్పే పని లేదు.

ఎంసీబీ మాటిమాటికి పడుతున్నదని ఇంటోళ్లు సతాయిస్తరు. 16 ఆంపియర్లది తీసి 32ది పెట్టుమంటరు. ఎంత పెద్ద మనిషి అడిగినా పెట్టకు. అది వైరును కాపాడేందుకు ఉన్నది, మన తీరుబాటు కోసం లేదు. లోడు వేరే లైనుకు మార్చు, గీజర్‌కు, ఏసీకి బోర్డు నుంచే విడివిడిగ మందం వైరు లాగు. పైసలు ఎక్కువైతయంటే లెక్క కాగితం మీద రాసి వాళ్ల ముందట పెట్టు. అంకె చూసినంక చానామంది ఒప్పుకుంటరు. ఒప్పుకోకపోతే సలాం చెప్పి వచ్చెయ్, ఆ పని మనకొద్దు.

ఆషాఢంల బోనాలకు వస్తనన్నవ్. గుడి ముందట, గల్లీలల్ల లైట్ల పని మస్తు ఉంటది. ఎల్ఈడీ తోరణాలకు ఎక్కువ లోడు ఉండదు, హాలోజన్ ఫోకస్ లైట్లే చూసుకోవాలె. 500 వాట్లవి ఎనిమిది పెడితే 4000 వాట్లు, 17 ఆంపియర్లు దాటుతది. అవన్నీ ఒక్క ఎక్స్‌టెన్షన్ బోర్డు మీద పెట్టేటోళ్లను నువ్వే ఆపాలె. వచ్చేటప్పుడు ట్రూప్ బజార్ల దిగి ఒక మంచి క్లాంప్ మీటరు తీసుకో, పైసలు నేనిస్త. ఈలోపల మీ ఇంట్ల ఏ గదికి ఎంత మందం వైరు పోతున్నదో, అన్నీ వేసినప్పుడు ఎన్ని ఆంపియర్లు నడుస్తున్నయో మీ సారును వెంటబెట్టుకొని కొలిచి, ఆ అంకెలు నాకు రాసి పంపు. పిన్నికి, బాబాయికి నా దండాలు చెప్పు.

నీ అన్న