ముందు పావు, తర్వాత వన్ ఫోర్త్: పిల్లలకు భిన్నాలు చదవడం, రాయడం



భిన్నాల పాఠం మొదలైందంటే చాలామంది పేరెంట్స్ అడిగే ప్రశ్న ఒకటుంది: "ఇంట్లో కూడా ఇంగ్లిష్‌లోనే చెప్పాలా మేడమ్? తెలుగులో చెబితే కన్‌ఫ్యూజ్ అవుతారేమో." ఈ ఒక్క పాఠానికి మాత్రం ముందు తెలుగులోనే చెప్పండి. ఎందుకో చెబుతాను.

ఏది పెద్దది?

బోర్డు మీద 1/2, 1/4 రాసి ఏది పెద్దదని అడిగితే చాలామంది పిల్లలు 1/4 అంటారు. రెండు కన్నా నాలుగు పెద్దది కదా! అదే పిల్లలను "అరకిలో టమాటలు ఎక్కువా, పావుకిలో ఎక్కువా?" అని అడగండి. తడుముకోకుండా చెబుతారు.

తేడా చదవడంలో ఉంది. "వన్ బై ఫోర్" అంటే పిల్లలకు ఒకటి, నాలుగు అని రెండు అంకెలు వినిపిస్తాయి. "పావు" అంటే ఎంతో కళ్ల ముందు కనిపిస్తుంది. భిన్నం రెండు అంకెల జత కాదు, ఒకే సంఖ్య. పాఠంలో అసలు సంగతి ఇదే. అందుకే ఇంగ్లిష్‌లో కూడా "వన్ ఫోర్త్" లేదా "క్వార్టర్", "త్రీ ఫోర్త్స్" అని చదివించండి.

రాసేటప్పుడు ముందు కింది అంకె

ఇంగ్లిష్‌లో "త్రీ ఫోర్త్స్" అన్నప్పుడు పై అంకె ముందు వస్తుంది. తెలుగులో "నాలుగింట మూడు వంతులు" అన్నప్పుడు కింది అంకె ముందు వస్తుంది. తెలుగులో అనుకుంటూ పైనుంచి రాసే పిల్లలు 3/4 బదులు 4/3 రాసే ప్రమాదం ఉంది.

దీనికి ఉపాయం తేలిక. ముందు గీత గీయించండి. "ఎన్ని సమాన భాగాలు చేశాం?" అని అడిగి కింద 4 రాయించండి. "అందులో ఎన్ని తీసుకున్నాం?" అని అడిగి పైన 3 రాయించండి. చేతితో చేసే పని కూడా ఇదే వరుసలో సాగుతుంది: ముందు కోస్తాం, తర్వాత తీసుకుంటాం. లవం, హారం అనే పేర్లు ఆ తర్వాత నేర్చుకున్నా చాలు.

ఇంట్లో చేయించండి

1. చపాతీ: కావాలనే ఒక ముక్క పెద్దగా, ఒకటి చిన్నగా చేసి "ఇది సగమేనా?" అని అడగండి. భాగాలు సమానంగా ఉంటేనే సగం అని వాళ్లే చెబుతారు. చిన్న చపాతీలో సగం, పెద్ద చపాతీలో సగం ఒకటేనా అని కూడా అడగండి. "దేంట్లో సగం?" అన్న ప్రశ్న అలవాటు కావాలి.

2. కాగితం మడత: ఒకసారి మడిస్తే 2 భాగాలు, తర్వాత 4, 8, 16. విప్పి ఒక్కో భాగంలో రాయించండి. కింది అంకె పెరిగేకొద్దీ ముక్క చిన్నదవుతుందని కళ్లతో చూస్తారు. ఈ 1/16కు తెలుగులో వీసం అని పేరు. "వీసమెత్తు" అనే మాట అక్కడిదే. 1957 వరకు రూపాయికి పదహారు అణాలు. అందులో నాలుగణాలు, అంటే పావు రూపాయి, పావలా. తాతయ్య, నానమ్మలను అడగమనండి, కథలు కూడా దొరుకుతాయి.

3. రైతుబజార్ చీటీ: "1/2 కిలో ఉల్లిగడ్డలు, 1/4 కిలో పచ్చిమిర్చి" అని పిల్లలతోనే రాయించండి. కాంటా మీద 500, 250 గ్రాములు వాళ్లనే చూడమనండి.

4. గడియారం: పావుగంట, అరగంట, ముప్పావుగంట ఎన్నెన్ని నిమిషాలు? అరగంటకు, గంటన్నరకు తేడా ఏమిటి? రెండూ రాయించండి: 1/2, 1½.

తొందర వద్దు

పిల్లలకు ఇవి పట్టుబడకముందే కూడికలు మొదలుపెట్టకండి. ట్యూషన్‌లో ముందే చెప్పించాలన్న ఆరాటం వద్దు. పరిమాణం తెలియని పిల్లలు 1/2కు 1/4 కలపమంటే పైవి పైకి, కిందివి కిందికి కూడి 2/6 రాస్తారు. 2/6 అంటే మూడో వంతు, సగం కన్నా తక్కువ.

అలా రాస్తే కొట్టేసి సరైన జవాబు చెప్పకండి. "అరకిలోకు పావుకిలో కలిపితే అరకిలో కన్నా తగ్గుతుందా?" అని ఒక్క మాట అడిగి ఆగండి. "ముప్పావు కదా!" అని పిల్లలే అంటారు. అప్పుడు 3/4 రాయించండి. తప్పును తామే పట్టుకోగలిగిన పిల్లలు పై తరగతుల్లో భిన్నాలంటే భయపడరు.

మీ గణితం టీచర్