గోడవార రాధామనోహరము

రాధామనోహరపు తీగను కొందఱు రంగూన్ మల్లె యందురు. సాయంకాలమున తెల్లగా విచ్చు పూవు మఱునాటికి గులాబివన్నె నొంది, పిదప ఎఱ్ఱనగును. ఈ తీగను పెంచుట సులభము. అదుపున నుంచుటయే కష్టము. పూవులకై నాటిన తీగ యింటికి చేటు తేకుండుటకు ఈ క్రింది విషయములు గమనింపవలెను.

నేల: గుడివాడ ప్రాంతపు నల్లమట్టి తడిసిన ఉబ్బును, ఎండిన నెఱ్ఱెలు విచ్చును. పునాది నంటి గొయ్యి త్రవ్వి నిత్యము నీరు పోసినచో గోడ బీటలువారును. కావున గోడకు రెండు మూరల యెడముగా గొయ్యి త్రవ్వి, మాగిన పశువుల ఎరువును, కొంత యిసుకను మట్టితో కలిపి నింపి, చుట్టునేలకంటె జానెడెత్తు దిబ్బ చేయవలెను. మురుగు నిలువరాదు.

నాటుట: ముదురు తీగెను నేలకు వంచి మట్టి కప్పినచో వేరుపట్టును. దానినిగాని, మొదటి పిలకనుగాని తొలకరిలో నాటవలెను. మచిలీపట్నము, దివిసీమలందు సముద్రతీర గ్రామములవారు నూతినీటిని రుచిచూచి వాడవలెను. ఉప్పునీరు పోయుటకంటె వాననీరు నిలువచేసికొనుట మేలు.

ప్రాకించుట: ఎండ తగులు పడమటిగోడ తగినది. తీగెను గోడకు ఆనింపక, జానెడు దూరమున గుంజలుపాతి తడికె కట్టి దానిపై ప్రాకింపవలెను. నడుమ గాలి యాడినచో గోడ చెమ్మగిల్లదు.

ఆకు రాలుట: నీటియెద్దడి కాలమున ఇది ఆకు రాల్చును. తొడిమల మొదళ్లు తీగెపై నిలిచి ముండ్లగును. ఈ మోడును చూచి చచ్చినదని తలంచి పెఱికివేయుట తొందరపాటు. గోటితో బెరడు గీరి చూడుడు. లోన పచ్చగానున్నచో ప్రాణమున్నట్లే. అప్పుడు మితిమీఱిన నీరు పోయరాదు.

కత్తిరించుట: పూవులు క్రొత్తచిగుళ్లపై పూయును. కావున ఆకులేని మాఘమాసమున ఎండుకొమ్మలను, చిక్కువడిన తీగెలను కోసివేయవలెను. ముండ్లు గ్రుచ్చుకొనకుండ చేతులకు గుడ్డ చుట్టుకొనుడు.

అంతకంటె ముఖ్యమైనది ఆశ్వయుజమాసపు కోత. బందరును ముంచిన 1864 నవంబరు 1 నాటి యుప్పెనయు, దివిసీమను ధ్వంసముచేసిన 1977 నవంబరు 19 నాటి యుప్పెనయు కార్తికమాసపు ప్రాంతముననే సంభవించినవి. దట్టమైన తీగ గాలివానలో తెరచాపవలె గాలిని పట్టి తడికెను, గుంజలను పెఱికివేయును. కొన్ని పూవులు పోయినను, ఆ ఋతువునకు ముందే పైబరువు తగ్గించుట గృహస్థునకు క్షేమము. తీగ మరల చిగిర్చును. కూలిన గోడ చిగిర్పదు.