మెదడులో కంటికి దక్కే చోటు

మన మెదడు శరీరంలోని అన్ని భాగాలకూ సమానంగా చోటు ఇవ్వదు. మాంట్రియల్‌లో వైల్డర్ పెన్‌ఫీల్డ్ అనే సర్జన్ మెలకువగా ఉన్న పేషెంట్ల మెదడుకు స్వల్పంగా కరెంటు ఇచ్చి, స్పర్శ మ్యాప్ తయారుచేశారు. అందులో పెదవులకు, వేళ్లకు ఉన్నంత చోటు వీపు మొత్తానికి కూడా లేదు! చూపుకైతే మెదడు వెనుక భాగంలో చాలా పెద్ద ప్రాంతమే ఉంది.

కానీ ఆ చోటు పుట్టుకతోనే ఖాయం కాదు. 1960లలో హ్యూబెల్, వీసెల్ అనే శాస్త్రవేత్తలు పిల్లికూనలకు ఒక కన్ను కొన్ని వారాలు మూసి ఉంచారు. తెరిచి చూస్తే, మెదడులో ఆ కంటికి చెందాల్సిన చోటును రెండో కన్ను ఆక్రమించేసింది. పెద్ద పిల్లుల్లో అలా జరగలేదు. వీరికి 1981లో నోబెల్ వచ్చింది.

పిల్లల్లోనూ అంతే. ఒక కంటికి పవర్ ఎక్కువున్నా, మెల్ల ఉన్నా మెదడు ఆ కంటిని పట్టించుకోవడం మానేస్తుంది. దీన్ని ‘లేజీ ఐ’ అంటారు (పేరు నాకు నచ్చదు, ఇందులో బద్ధకం ఎవరిదీ కాదు). రెండో కంటితో బోర్డు చక్కగా చదివేస్తారు కాబట్టి క్లాసులో బయటపడదు. ఇంట్లో ఆటలా ఒక్కో కన్ను మూసి, దూరం నుంచి క్యాలెండర్ అంకెలు చదివించండి. తేడా కనిపిస్తే కంటి డాక్టర్‌కు చూపించండి.

“ఆడపిల్లకు ఇప్పుడే కళ్లజోడా? పెద్దయ్యాక చూద్దాం” అని కొందరు పేరెంట్స్ అంటుంటారు. కళ్లజోడు, బాగున్న కంటికి ప్యాచ్ ఏడేళ్లలోపు మొదలుపెడితేనే ఎక్కువ ఫలితం. ప్యాచ్‌తో స్కూలుకు పంపేటప్పుడు డైరీలో ఒక మాట రాయండి, ముందు బెంచీలో కూర్చోబెడతాం.