ఐరోపా సెర్ఫులు – మన వెట్టి తాతలు

సాంఘిక శాస్త్రంలో మధ్యయుగ ఐరోపా పాఠం వచ్చినప్పుడు 'సెర్ఫు' అనే మాటను మేము పరీక్ష కోసం బట్టీ పట్టాం. దసరా సెలవుల్లో మాలో కొందరం ఆ పాఠాన్ని ఇంట్లో చదివి వినిపించాం. "ఇది మనోళ్ల కథనే గద బిడ్డా" అన్నారు మా తాతలు. జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి వైపు పల్లెల నుండి వచ్చి ఒకే వసతిగృహంలో చదువుకుంటున్న మేము, ఆ మాట పట్టుకొని ఈ వ్యాసం రాస్తున్నాం.

సెర్ఫులు ఎవరు?

ఐరోపాలో ప్రభువు భూమిని దున్నే రైతే సెర్ఫు. అతనికి బతకడానికి కొంచెం భూమి ఉండేది. దానికి బదులుగా వారంలో రెండు మూడు రోజులు ప్రభువు పొలంలో కూలి లేకుండా పని చేయాలి. ప్రభువు మరలోనే ధాన్యం విసిరించుకొని దానికీ రుసుము కట్టాలి. కూతురి పెండ్లి చేయాలన్నా ప్రభువుకు పైకం చెల్లించాలి. ఊరు విడిచిపోయే హక్కు లేదు. భూమి చేతులు మారితే దానితోపాటు సెర్ఫు కూడా కొత్త యజమానికి చెందేవాడు.

మన ఊళ్లలో వెట్టి

నిజాం కాలంలో జనగామ తాలూకా నల్లగొండ జిల్లాలో ఉండేది. విసునూరు దేశ్‌ముఖ్ రాపాక రామచంద్రారెడ్డి పెత్తనం చుట్టుపక్కల అనేక గ్రామాలపై సాగింది. దొర గడికి ప్రతి కులమూ ఉచితంగా చాకిరీ చేయవలసిందే. చాకలి బట్టలు ఉతకాలి. కుమ్మరి కుండలు ఇవ్వాలి. గౌడ కల్లు పోయాలి. గొల్ల గొర్రెను ఇవ్వాలి. మాదిగ చెప్పులు కుట్టాలి, మోటబొక్కెన కుట్టాలి, మూటలు మోయాలి. అధికారి ఊరికి వస్తే బండ్లు కట్టాలి. అడవి పల్లెల్లో గిరిజనులకూ అధికారుల వెట్టి తప్పలేదు.

దీనికి తోడు భగేలా పద్ధతి ఉండేది. పెండ్లికో, తిండిగింజలకో అప్పు తీసుకున్నవాడు అది తీరేదాకా దొర దగ్గర జీతం ఉండాలి. వడ్డీ పెరిగేదే తప్ప అప్పు తీరేది కాదు. తండ్రి చనిపోతే కొడుకు ఆ అప్పు కింద పనికి పోయేవాడు.

పోలిక ఎక్కడ? తేడా ఎక్కడ?

ఇద్దరిదీ పుట్టుకతో వచ్చిన చాకిరీయే. అయితే సెర్ఫును కట్టేసింది భూమి. మన తాతలను కట్టేసింది కులం, అప్పు. సెర్ఫుకు తన పేర కొంత భూమైనా ఉండేది. భగేలాకు చాలాసార్లు అదీ లేదు.

మమ్మల్ని బాగా ఆలోచింపజేసిన విషయం మరొకటి ఉంది. భగేలా ఒప్పందాలను అదుపు చేయడానికి నిజాం ప్రభుత్వం 1936లోనే చట్టం తెచ్చింది. అయినా భగేలా పోలేదు. లెక్కల పుస్తకం దొర దగ్గర ఉండేది, వేలిముద్ర మాత్రం మన తాతది. తన మేలు కోసం చట్టం ఉందని చదువురానివాడికి ఎవరు చెబుతారు?

సంకెళ్లు ఎలా తెగాయి?

1347 తరువాత వచ్చిన మహమ్మారి ప్లేగులో ఐరోపా జనాభాలో మూడో వంతు దాకా చనిపోయారు. పనివాళ్లు కరువై వారి విలువ పెరిగింది. 1381లో ఇంగ్లండు రైతులు తిరగబడ్డారు. రష్యాలో సెర్ఫుల విముక్తి 1861లో గాని రాలేదు.

మన దగ్గర ఆంధ్రమహాసభ, 'సంఘం' ప్రజలకు ధైర్యం ఇచ్చాయి. పాలకుర్తిలో చాకలి ఐలమ్మ తాను కౌలుకు చేసిన పొలం పంటను దేశ్‌ముఖ్ మనుషులకు దక్కనివ్వలేదు. సంఘం కార్యకర్తల అండతో ధాన్యం ఇల్లు చేర్చుకుంది. 1946 జులై 4న కడవెండిలో ఊరేగింపుపై దేశ్‌ముఖ్ మనుషులు కాల్పులు జరపగా దొడ్డి కొమరయ్య అమరుడయ్యాడు. అక్కడి నుండి సాయుధ పోరాటం 1951 వరకు సాగింది. మన రాజ్యాంగం 23వ అధికరణం వెట్టిని నిషేధించింది. 1976 చట్టం వెట్టి అప్పులను రద్దు చేసింది. అలాంటి అప్పు చెల్లదు, తీర్చనవసరం లేదు.

మనం నేర్చుకోవలసింది

వెట్టి పోయింది గాని అప్పు పోలేదు. పత్తి ఏరే కాలంలో, మిర్చి కాలంలో మన హాస్టల్లో కొన్ని పెట్టెలు ఖాళీ అవుతాయి. ఇంట్లో అడ్వాన్సు తీసుకున్నారని వెళ్లిన మిత్రులు కొందరు తిరిగి రాలేదు. వాళ్ల ఇండ్లకు వెళ్లి మాట్లాడాలని, ఆ అప్పు కాగితం అడిగి చదవాలని మేము అనుకున్నాం. మన తాతలు వేలిముద్ర వేసిన చోట మనం సంతకం చేస్తున్నాం. సంతకానికి ముందు చదవడం కూడా మన పనే.

ఆలోచించండి, అడగండి

1. మీ ఊళ్లో గడి ఉండేదా? ఇప్పుడు అక్కడ ఏముంది?
2. మీ తాతల తండ్రులు ఏ వెట్టి చేశారు?
3. మీ ఇంటి అప్పు కాగితం మీరు ఎప్పుడైనా చదివారా?