చిన్న తోటల్లో కర్ర నరికివేత: కూలి నిర్ణయించే విధానం

బాపట్ల తీరపు ఇసుక నేలల్లో సరుగుడు, తెనాలి పరిసరాల పొలం గట్లపై సుబాబుల్, రేపల్లె వైపు చౌడు భూముల్లో సర్కారు తుమ్మ కనిపిస్తాయి. ఈ మూడింటి నరికివేతకు టన్నుకు ఒకే కూలి కట్టడం సమంజసం కాదు. సరుగుడు మోడు సరిగా చిగురించదు, తిరిగి నాటవలసిందే. సుబాబుల్ మోడు నుండి పిలకలు వస్తాయి కనుక నేలకు దగ్గరగా, ఏటవాలుగా, బెరడు చీలకుండా నరకాలి. సర్కారు తుమ్మను మొదలుతో తవ్వి తీయకపోతే మళ్లీ మొలుస్తుంది.

విస్తీర్ణం తగ్గేకొద్దీ టన్నుకయ్యే ఖర్చు పెరుగుతుంది. ఉదాహరణకు, 6 టన్నుల కర్రకు 12 పనిదినాలు, రోజు కూలి రూ. 600, సరంజామా చేరవేతకు రూ. 1,800 అనుకుంటే మొత్తం రూ. 9,000, అనగా టన్నుకు రూ. 1,500. అదే లెక్కన 24 టన్నులకు చేరవేత ఖర్చు మారకపోతే టన్నుకు రూ. 1,275 మాత్రమే. పెద్ద తోట రేటునే చిన్న తోటకు వర్తింపజేస్తే ఆ తేడా కూలీల కష్టం నుండే పోతుంది.

టన్ను లెక్క తొందరను పెంచుతుంది. తొందరలో చీలిన మోడు రైతుకు తదుపరి కోతను తగ్గిస్తుంది. కావున నరికివేతకు టన్ను చొప్పున, మోడు సవరణకు, పిలకల తొలగింపునకు, వేళ్ల తవ్వకానికి పనిదినాల చొప్పున వేర్వేరుగా కూలి నిర్ణయించి, పని ప్రారంభానికి ముందే కాగితంపై రాసుకోవాలి.