సెషన్ తెగినా లెక్క తెగరాదు

బస్తర్ ప్రాంతంలో సంతరోజున బ్యాంకు శాఖ ఎంత రద్దీగా ఉంటుందో అక్కడ పనిచేసిన వారికి వేరుగా చెప్పనక్కరలేదు. కోంటా, భోపాల్‌పట్నం వైపు కూలి డబ్బు తీసుకొనడానికి అడవి దారిన నడచి వచ్చేవారున్నారు. అట్టి ఖాతాదారుని చెల్లింపు నమోదు చేస్తున్న క్షణాన లింకు తెగిపోతే, ఖాతాలో సొమ్ము తగ్గినట్లా, తగ్గనట్లా? దీనికి సమాధానం చెప్పాలంటే సెషన్‌కూ లావాదేవీకీ గల భేదం తెలియాలి.

ఉద్యోగి తన గుర్తింపు సంఖ్యతో, పాస్‌వర్డుతో కేంద్ర కంప్యూటరులో ప్రవేశించినది మొదలు నిష్క్రమించే వరకు గల కాలం సెషన్. అందులో జరిగే ఒక్కొక్క పని లావాదేవీ. ఖాతాలో 500 రూపాయలు తగ్గాలి, క్యాషియరు నగదు పద్దులో అంతే మొత్తం చెల్లింపుగా నమోదు కావాలి. ఈ రెండూ జరగాలి, లేదా రెండూ రద్దు కావాలి. సగంలో నిలువరాదు.

మెయిన్‌ఫ్రేములపై ఈ పని నిర్వహించే వ్యవస్థలలో ఐ.బి.ఎం. సంస్థ 1969లో విడుదల చేసిన సి.ఐ.సి.ఎస్. ప్రసిద్ధమైనది, నేటికీ వాడుకలో ఉన్నది. అందులో ప్రవేశానికి సి.ఇ.ఎస్.ఎన్., నిష్క్రమణకు సి.ఇ.ఎస్.ఎఫ్., పర్యవేక్షణకు సి.ఇ.ఎం.టి. అనే ఆదేశాలున్నాయి. ఏ టెర్మినల్‌పై ఎవరి పేరిట ఏ పని నడుస్తున్నదో పర్యవేక్షకుడు ఈ మూడవ ఆదేశంతో చూడగలడు. మధ్యలో నిలిచిన పని ఖాతాకు తాళం వేసి ఉంచితే, అదే ఖాతా కోరే ఇతర పనులు ఆగిపోతాయి. దానిని తొలగించే మార్గాలలో రెండు ఇవి. ‘పర్జ్’ అంటే, లెక్కలు చెడవన్నప్పుడే వ్యవస్థ తొలగిస్తుంది. ‘ఫోర్స్ పర్జ్’కు ఆ హామీ లేదు, కనుక ‘పర్జ్’ ఫలించనప్పుడే దానిని వాడాలి.

కేంద్రంలోని యంత్రం ఏ సంస్థదైనా, శాఖలో పాటించవలసిన నియమాలు ఇవి:

1. లింకు తిరిగి రాగానే అదే చెల్లింపును మళ్ళీ నమోదు చేయకండి. ముందుగా ఖాతా వివరాలు సరిచూడండి. లావాదేవీ కేంద్రంలో పూర్తయి, జవాబు మాత్రమే మనకు చేరక పోయి ఉండవచ్చు.

2. కుర్చీ వదిలిన ప్రతిసారీ నిష్క్రమించండి. గడువు తీరితే సెషన్ దానంతటదే ముగుస్తుందన్న ధీమా పనికిరాదు. ఆ కొద్ది నిమిషాలలో ఇతరులు చేసిన పనికీ మీరే బాధ్యులు.

3. పాత సెషన్ ఇంకా తెరచి ఉన్నదని యంత్రం తెలిపితే, పక్క ఉద్యోగి సంఖ్యతో పని సాగించరాదు. గుర్తింపు సంఖ్య, టెర్మినల్, సమయం, మొత్తం వ్రాసి మేనేజరు ద్వారా కేంద్రానికి తెలియజేయండి.

4. దినాంతంలో తెరచి ఉన్న సెషన్‌ల జాబితాను మేనేజరు స్వయంగా పరిశీలించాలి.

సరిచూచే వరకు ఖాతాదారుని ఆగమనవలసి వస్తే, కారణాన్ని గోండీలోనో, హల్బీలోనో, తెలుగులోనో అతనికి తెలిసిన మాటల్లో చెప్పండి. రెండుసార్లు తగ్గిన కూలిని సరిచేయించుకొనడానికి అతడు మరల అంత దూరమూ నడవవలసి వస్తుందని మరువకండి.